గోదావరి డెల్టా వరిచేలలో బోదురుకప్ప: జీవనవిధానం, వాణిజ్యం, సంరక్షణ

విజ్జేశ్వరం వద్ద మొదలయ్యే పశ్చిమ డెల్టా ప్రధాన కాలువ నిడదవోలు పరిసరాల మాగాణికి సార్వా, దాళ్వా పంటలు రెండింటికీ నీరందిస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుండి ఈ భూములలో నీటి రాకపోకలను నిర్ణయించేది వానతోపాటు కాలువ కూడా. ఈ రెండింటినీ అనుసరించి జీవించే జంతువులలో బోదురుకప్ప ముఖ్యమైనది. దీని శాస్త్రనామం హోప్లోబాట్రాకస్ టైగరీనస్.

వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు ఈ కప్ప మట్టిలోను, గట్ల బొరియలలోను దాగి నిద్రావస్థలో గడుపుతుంది. తొలకరిలో మొదటి పెద్దవాన కురిసిన రాత్రి ఒక్కసారిగా వెలుపలికి వస్తుంది. అప్పటివరకు ఆకుపచ్చ, గోధుమ చారలతో ఉన్న మగకప్ప నిమ్మపండు వలె పసుపు రంగు దాల్చి, గొంతుకిరువైపులా ముదురు నీలి స్వరకోశాలను ఉబ్బించి కూతపెడుతుంది. ఆడకప్ప నిలిచిన వాననీటిలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. తోకకప్పలు మాంసాహారులు, దోమపిల్లలనే కాక తమ జాతి పిల్లలను సైతం తింటాయి. ఆ గుంట ఎండిపోకముందే ఎదగవలసి ఉన్నందున ఈ ఆబ వాటికి అవసరమే. పెరిగిన కప్ప పురుగులతోపాటు చిన్న పీతలను, ఎలుక పిల్లలను, ఇతర కప్పలను కూడా మింగుతుంది. సాలీళ్ల వంటి మిత్రజీవులను అది వేరుచేసి విడిచిపెట్టదు. కనుక కప్పలుంటే పురుగుమందు అక్కరలేదని రైతులకు చెప్పడం అతిశయోక్తి. అవి చేనిలోని ఆహారశృంఖలలో ఒక బలమైన కొలికి అనడం సమంజసం.

ఈ జాతికి పెద్ద ఆపద వాణిజ్యరూపంలో వచ్చింది. అమెరికా, ఐరోపా దేశాల భోజనశాలలకై భారతదేశం నుండి శీతలీకరించిన కప్పకాళ్లు 1980ల ఆరంభంలో ఏటా వేల టన్నులు ఎగుమతి అయ్యేవి. దీపపు వెలుగుకు కళ్లు చెదిరి కదలక నిలిచిన కప్పలను రాత్రివేళ పట్టేవారు. వెనుక కాళ్లు మాత్రమే సరుకు. మిగిలిన శరీరం వ్యర్థం. పట్టుబడేవి కూడా పెద్దవి, అనగా గుడ్లు పెట్టగలిగినవి. 1985లో ఈ జాతిని అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒడంబడిక రెండవ అనుబంధంలో చేర్చారు. 1987లో భారత ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ వర్షారణ్య సెలయేళ్లలో జీవించిన జఠర పోషక కప్పకు ఈ అవకాశం దక్కలేదు. 1973లో శాస్త్రలోకానికి పరిచయమైన ఆ జాతిలో తల్లి తన గుడ్లను మింగి, ఆమ్లస్రావాన్ని నిలిపివేసిన జీర్ణాశయంలోనే పిల్లలను పెంచి నోటిద్వారా వెలువరించేది. 1981 తరువాత అడవిలో అది కనిపించలేదు. చిట్రిడ్ శిలీంధ్రవ్యాధి కారణమై ఉండవచ్చని భావిస్తారు. కొద్దిపాటి కొండవాగులకే పరిమితమైన జాతికి, ఉపఖండమంతటా వ్యాపించి వేలకొద్దీ గుడ్లు పెట్టే జాతికి తట్టుకునే శక్తిలో భేదం ఇంతటిది. బోదురుకప్ప అండమాన్ దీవులకు చేరి, అక్కడి స్థానిక జీవులకే బెడదగా మారింది.

అయినను డెల్టాలో నిశ్చింతగా ఉండరాదు. గుడ్లు, తోకకప్పలు నీటిలో ఉండే కాలమూ, సార్వా నారుమళ్ల కాలమూ ఒకటే. నారు తీయుటకు ముందు చల్లే కార్బోఫ్యూరాన్ గుళికల మందు నీటిలో కరుగుతుంది. ఆ నీటిని వెంటనే బోదెలోకి వదిలితే పక్క గుంటలలోని తోకకప్పలకు కూడా సోకుతుంది. మందు వేసిన మడిలో నీరు కట్టి ఉంచడం పైరుకూ మేలే కనుక, విస్తరణ శాస్త్రవేత్తలు ఈ సలహాను కప్ప పేరెత్తకుండానే రైతుచేత ఆచరింపజేయవచ్చు. గట్లను మరీ సన్నగా చెక్కకుండా ఒక మూలనైనా వెడల్పుగా విడవడం వేసవి ఆశ్రయానికి తోడ్పడుతుంది.

విద్యార్థులు చేపట్టదగిన పని కూతల లెక్కింపు. ఒకే బోదె వెంట, ఒకే దూరం, ఏటా తొలివానల రాత్రులలో నడిచి నమోదు చేయాలి. జాప్యం పనికిరాదు, నాట్లు ముగిసేసరికి చాలావరకు మగకప్పలు పసుపు రంగు విడిచి మౌనం వహిస్తాయి.