నిర్బంధములో నున్న నిందితుని హక్కులు

నిందితుడు వేరు, దోషి వేరు. ఒకనిపై నేరము మోపబడినంతమాత్రమున వాడు నేరస్థుడు కాడు. న్యాయస్థానము విచారించి తీర్పు చెప్పిన పిమ్మటనే దోషి యగును. ఈ భేదమును మరచినచో నిర్దోషులకును రక్షణ యుండదు. కావున పోలీసువారు పట్టుకొనిన మనుష్యునకు మన దేశపు చట్టము లొసగిన హక్కు లెట్టివో యిచ్చట సంగ్రహముగా దెలిసికొందము.

1950వ సంవత్సరము జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగమునందలి 22వ అధికరణము వీనికి మూలము. అరెస్టు చేయబడినవానికి అందుకు గల కారణమును వీలైనంత త్వరలో తెలుపవలెను. తాను కోరిన న్యాయవాదితో సంప్రదించుకొను హక్కు వానికి గలదు. ప్రయాణకాలము మినహాయించి 24 గంటలలోపల వానిని సమీపమున నున్న మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను. ముందుజాగ్రత్త నిర్బంధపు చట్టముల క్రింద పట్టుబడినవారికి మాత్ర మీ నియమములు వర్తింపవు. ఇంత కొద్ది గడువేల? పట్టుకొనువారును, ప్రశ్నించువారును, కాపలా కాయువారును ఒక్కరే యైనచోట బందీ మొర నాలకించువారు లేరు. వారికి లోబడని యధికారి యొకడు వానిని కన్నులార చూచి, వాని మాట వినుటకే యీ యేర్పాటు.

తనకు విరోధముగా తానే సాక్ష్యమిమ్మని నిందితుని బలవంతపెట్టరాదని 20వ అధికరణము శాసించుచున్నది. పోలీసు అధికారితో చెప్పిన నేరాంగీకారమును నిందితునిపై రుజువుగా చూపరాదను నియమము 1872 నాటి సాక్ష్యచట్టమునందే యుండెను. 2023లో చేయబడిన క్రొత్త చట్టమునందును నిలిచియున్నది. ఆ మాటవలన ఏదైన వస్తువు దొరకినయెడల, దానికి సంబంధించిన భాగము మాత్రము చెల్లును. దెబ్బలతో రాబట్టిన మాటకు విలువ లేదన్నచో, దెబ్బలు కొట్టవలెనను కోరికయు సన్నగిల్లును గదా!

1986లో పశ్చిమ బెంగాలునుండి డి. కె. బసుగారు పోలీసు నిర్బంధములోని మరణములనుగూర్చి సుప్రీముకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ వ్రాసిరి. న్యాయస్థాన మా లేఖనే పిటిషనుగా స్వీకరించి, 1996 డిసెంబరు 18వ తేదీన 11 సూచనలు చేసెను. అరెస్టు చేయునప్పుడు తేదీయు, వేళయు వ్రాసి సాక్షిచే సంతకము చేయింపవలెను. బంధువునకో మిత్రునకో కబురంపవలెను. నిర్బంధములో 48 గంటలకొకమారు వైద్యపరీక్ష జరుపవలెను. ఒక్క యుత్తర మెంతటి మేలు చేయగలదో విద్యార్థులు గమనింతురుగాక.

బీదవాని కష్టము మరియొకటి. బీహారు చెరసాలలలో పెక్కుమంది విచారణయైనను లేక, తమపై మోపిన నేరమునకు విధింపదగిన శిక్షాకాలమును మించి బందీలుగా నుండిరని 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో వెల్లడియయ్యెను. జామీను చెల్లింప సొమ్ము లేకుండుటయే వారి దౌర్భాగ్యము. శీఘ్ర విచారణ ప్రతివాని హక్కని సుప్రీముకోర్టు నిర్ణయించెను. 1987 నాటి న్యాయసేవల చట్టము ననుసరించి నిర్బంధములో నున్నవాడు ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయమును కోరవచ్చును.

ఇవి దుర్మార్గులకు కొమ్ముకాయు నియమములని కొంద రందురు. మనమట్లు తలపరాదు. దోషికి శిక్ష తప్పింపుమని యివి చెప్పుటలేదు. శిక్షించు పని ఠాణాది కాదు, న్యాయస్థానముదని మాత్రమే చెప్పుచున్నవి. పొరుగువాడు పట్టుబడినప్పుడు అతని నెచట నుంచిరి, ఎప్పుడు పట్టుకొనిరి, ఏ కారణమున పట్టుకొనిరి యని ధైర్యముగా నడుగ నేర్చినయెడల మన మీ పాఠమును చదివినందుకు ఫలము కలుగును.