హీటర్ తీగ: సన్నదా, లావుదా?

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా హాస్టల్ వంటగదిలో 2000 వాట్ల కాయిల్ స్టవ్ ఉంది. కాయిల్ తెగినప్పుడల్లా రెండు కొసలూ మెలిపెట్టి కలుపుతున్నాం. వారం తిరక్కుండానే మళ్లీ తెగుతోంది. ఈసారి నైక్రోమ్ తీగ కొని మేమే చుట్టుకుందామనుకుంటున్నాం. కొట్టులో 24 నంబరు, 28 నంబరు ఉన్నాయి. సన్నదైతే తక్కువ పొడవు చాలు, డబ్బు కలిసొస్తుంది అంటున్నారు. ఏది కొనమంటారు సార్?
- హాస్టల్ వంట మాస్టరు, నూజివీడు

జవాబు: తక్కువ పొడవు చాలుతుందన్నది నిజమే. అందుకే సన్న తీగ మీకు పనికిరాదు.

230 వోల్టుల మీద 2000 వాట్లు రావాలంటే కాయిల్ నిరోధం సుమారు 26 ఓమ్‌లు ఉండాలి. 24 నంబరు నైక్రోమ్ మందం 0.56 మిల్లీమీటర్లు. మీటరుకు దాదాపు 4.4 ఓమ్‌లు కాబట్టి ఆరు మీటర్లు పడుతుంది. 28 నంబరు మందం 0.38 మిల్లీమీటర్లు. మీటరుకు 9.8 ఓమ్‌లు, కాబట్టి 2.7 మీటర్లకే సరిపోతుంది. రెండింట్లోనూ పారే కరెంటు ఒకటే, 8.7 ఆంపియర్లు. ఇంతవరకూ తేడా ఏమీ కనబడదు.

అయితే ఆ 2000 వాట్ల వేడి బయటికి పోవలసింది తీగ ఉపరితలం నుంచే. ఆరు మీటర్ల 24 నంబరు తీగకు 105 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉంటుంది. 2.7 మీటర్ల 28 నంబరుకు ఉండేది 32 మాత్రమే. అంటే మొదటిదాని మీద చదరపు సెంటీమీటరుకు 19 వాట్ల భారం, రెండోదాని మీద 63 వాట్లు. సన్న తీగ తెల్లగా కాలి నిమిషాల్లో తెగిపోతుంది. ఈ సూత్రం గుర్తుంచుకోండి: నిరోధం మారకుండా మందాన్ని సగం చేస్తే పొడవు నాలుగో వంతుకు, ఉపరితలం ఎనిమిదో వంతుకు పడిపోతాయి. ఓమ్‌లు సరిపోయాయి కదా అని తీగ కొనేవాళ్లు మరిచిపోయేది ఈ ఎనిమిదో వంతునే.

నన్నడిగితే 24 కూడా అంచు మీద ఉన్నట్టే. 22 నంబరు దొరికి, మీ స్టవ్ మట్టి పళ్లెం గాళ్లలో పడితే అదే కొనండి. తొమ్మిదిన్నర మీటర్లు పడుతుంది, భారం 9 వాట్లకు దిగుతుంది. ఖర్చు పెరిగినా, కాయిల్ చాలాకాలం నిలుస్తుంది.

ఇక మెలిపెట్టడం మానేయండి. మెలి దగ్గర పట్టు వదులై, అక్కడే వేడి పోగుపడి తెగుతుంది. పైగా కాలిన ముక్క తీసేసిన ప్రతిసారీ తీగ పొట్టిదై కరెంటు పెరుగుతుంది. మూడో వంతు పోయిందంటే 2000 వాట్ల స్టవ్ 3000 వాట్లు లాగుతుంది. 13 ఆంపియర్లు! మీ ప్లగ్గూ వైర్లూ అంత తట్టుకుంటాయో లేదో చూసుకున్నారా?

కొత్త కాయిల్ సాగదీసేటప్పుడు చుట్ల మధ్య ఎడం అంతటా సమానంగా ఉండాలి. టెర్మినల్‌కు బిగించే కొసలను రెండు పేటలు చేస్తే అక్కడ వేడి తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం: కాయిల్‌లో కరెంటు ఉండగా స్టీలు గిన్నె పెట్టవద్దు, తీయవద్దు. ముందు స్విచ్ కట్టి, ప్లగ్ పీకాలి. వంటగదిలో పిల్లలు కూడా తిరుగుతుంటారు.

ప్రశ్న: వినాయక చవితి మండపాలకు థర్మోకోల్ అక్షరాలు కోస్తాను. అర మీటరు విల్లుకు 28 నంబరు నైక్రోమ్ బిగించాను. కొందరు ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టి నేరుగా ఇంటి కరెంటు ఇస్తున్నారు. నేనూ అలా చేయవచ్చా?
- డెకరేషన్ పనివాడు, తణుకు

జవాబు: వద్దు. రెగ్యులేటర్ వేడిని తగ్గిస్తుందే గానీ షాకు నుంచి కాపాడదు. విల్లు తీగ మీ చేతికి అంగుళాల దూరంలో ఉంటుంది. ఇంటి కరెంటును విడదీసి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరే వాడండి.

28 నంబరు మంచి ఎంపికే. అర మీటరుకు ఐదు ఓమ్‌లు వస్తాయి. 12 వోల్టులు ఇస్తే ఎర్రబారేంత కాలి, థర్మోకోల్ కోసుకుపోకుండా కరిగి గుంటలు పడుతుంది. 6 నుంచి 9 వోల్టుల మధ్య పెట్టండి. తీగ ఎర్రబడకుండానే కోయాలి. వేడికి తీగ మిల్లీమీటరున్నర దాకా సాగుతుంది కాబట్టి ఒక కొసకు స్ప్రింగు ఉండాలి. గది తలుపులు తెరిచి పని చేయండి, ఆ పొగ పీల్చేది కాదు.

ప్రశ్న: సిగరెట్ మానడానికి వేప్ (ఈ-సిగరెట్) వాడుతున్నాను. ఇక్కడ 2025 జూన్ 1 నుంచి వాడి పారేసేవాటి అమ్మకం ఆపేశారు. కాయిల్ సొంతంగా చుట్టుకుందామనుకుంటున్నాను. 24 గేజ్ మంచిదా, 28 మంచిదా? సంక్రాంతికి ఊరొచ్చేటప్పుడు వెంట తెచ్చుకోవచ్చా?
- ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్

జవాబు: పైన చెప్పిన లెక్కే ఇక్కడా వర్తిస్తుంది. కాకపోతే ఇక్కడ భారం పడేది బ్యాటరీ మీద. మూడు మిల్లీమీటర్ల కడ్డీ మీద కాంతల్ అనే హీటర్ తీగ ఆరు చుట్లు చుడితే 24 గేజ్ అర ఓమ్ ఇస్తుంది, 28 గేజ్ 1.3 ఓమ్‌లు. నిండుగా ఛార్జైన 4.2 వోల్టుల సెల్ నుంచి మొదటిది దాదాపు 8 ఆంపియర్లు లాగుతుంది, రెండోది మూడుకు కాస్త పైన. లావు తీగలో లోహం ఎక్కువ. బటన్ నొక్కాక వేడెక్కడం ఆలస్యమవుతుంది, సెల్ త్వరగా అయిపోతుంది. సిగరెట్టులా చిన్న దమ్ము చాలనుకునే మీకు 28 సరిపోతుంది. బిగించాక ఓమ్ మీటరుతో చూడకుండా సెల్ పెట్టవద్దు. రెండు కాయిళ్లు పక్కపక్కన పెడితే నిరోధం సగమవుతుందని మరవకండి. రక్షణ సర్క్యూట్ లేని ఉత్త గొట్టం పరికరాల జోలికి అసలు పోవద్దు.

వేప్ తీగల గేజ్ అమెరికన్ లెక్క, మన కొట్లలోది బ్రిటిష్ లెక్క. 24 నంబరు ఆ లెక్కలో 0.51, మన లెక్కలో 0.56 మిల్లీమీటర్లు. అందుకని నంబరు కాకుండా మిల్లీమీటర్లు అడగండి. అనుమానమైతే పెన్సిల్ మీద పది చుట్లు ఎడం లేకుండా చుట్టి, స్కేలుతో కొలిచి, పదితో భాగించండి.

వెంట తేవడం మాత్రం కుదరదు. ఈ-సిగరెట్ల దిగుమతిని మన దేశంలో 2019 చట్టం నిషేధించింది. మొదటిసారి తప్పుకే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ సామాను అక్కడే వదిలి రండి.