ఓడలెక్కి వచ్చిన లాటిన్ మాటలు

మన తూర్పు తీరంలో, పులికాట్‌లో 16వ శతాబ్దంలోనే పోర్చుగీసు వర్తకులు మకాం వేశారు. వాళ్ల భాషకు తల్లి లాటిన్. ఆ భాష ద్వారా మనకు దక్కిన లాటిన్ మాటల్లో పరీక్షలకు ముఖ్యమైనది అల్మారా. లాటిన్‌లో ‘ఆర్మా’ అంటే ఆయుధాలు, ‘ఆర్మారియం’ వాటిని దాచే బీరువా. పోర్చుగీసులో ‘అర్మారియు’ అయింది. మన ఇళ్లలో ఇప్పుడు అందులో పట్టాదారు పాసుపుస్తకం, పట్టుచీరలు! మేజాకు మూలం ‘మెన్సా’, పాదిరికి ‘పాతెర్’, అంటే తండ్రి.

ఇంగ్లీషు దారిన వచ్చినవి వేరే. కలెక్టరు మాట వెనుక ‘కొల్లిగెరె’, అంటే పోగుచేయడం. 1772లో వారన్ హేస్టింగ్స్ ఆ పదవి పెట్టింది శిస్తు వసూలుకే. ఓటుకు మూలమైన ‘వోటుం’ అంటే మొక్కు, కోరిక. క్యాండిడేట్ అంటే తెల్లబట్టలవాడు. రోమ్‌లో పదవి కోరేవారు తెల్లని టోగా కట్టేవారు. మన నాయకుల చొక్కాల రంగు ఇంకా మారలేదు.

బిట్లలో బోల్తా కొట్టించేది అనాస. తెచ్చింది పోర్చుగీసువారే గానీ మాట లాటిన్‌ది కాదు, దక్షిణ అమెరికాలోని టుపి-గ్వారానీ భాషలది.