వనభోజనములలో ఊరి పాట, ఊరి పంక్తి

కార్తికమాసమున ఉసిరిచెట్టు నీడను వండుకొని, ఊరివారందరు కలిసి భుజించుట తెలుగునాట తరతరముల ఆచారము. ఆ దినమున అద్దె మైకుసెట్టులో సినిమా పాటలు మ్రోగించుటకంటె, స్వగ్రామ కళాకారులను పిలుచుట మేలని మా అభిప్రాయము. బుర్రకథకు ముగ్గురు చాలును: తంబుర పట్టి కథ చెప్పువారొకరు, గుమ్మెటలు వాయించు వంతలు ఇరువురు. ఈ కళకు పేరు తెచ్చిన షేక్ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ లభించినది. డప్పు అయినచో మరింత సులభము. చర్మము బిగియుటకై దానిని మంటవద్ద కాచుకొందురు. పొయ్యి అచ్చటనే ఉండును గదా!

అయితే పంచాయతీ సభ్యులు ముఖ్యముగా కనిపెట్టవలసినది వడ్డన. డప్పు వినుటకు అందరును ముందుకు వచ్చి, వాయించినవారికి మాత్రము విస్తరి దూరముగా వేయుట న్యాయమును కాదు, చట్టసమ్మతమును కాదు. రాజ్యాంగము 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. 1955 నాటి చట్టము ప్రకారము దానిని పాటించుట శిక్షార్హమైన నేరము. సర్పంచిగారు వాద్యకారులను గౌరవముతో పిలిచి, తమ పంక్తిలో, తమ ప్రక్కనే కూర్చుండబెట్టుకొనవలెను. పారితోషికమును ముందుగానే నిర్ణయించి, ఆ పూటనే చేతికి అందజేయవలెను. మిగిలిన వంటకము మూటగట్టి ఇచ్చుట అందులో జమ కాదు.