ఆకు తిప్పి చూడు

తెనాలి

చి. చిట్టికి,


ఖమ్మంలో కొత్తింట్లో చేరారనీ, వెనక కాస్త పెరడు కూడా ఉందనీ రాశావు. సంతోషం. వంగ, బెండ, టమాటా, మిరప, బీర, కాకర, కాలీఫ్లవర్ అంటూ నువ్వు రాసిన జాబితా చదివి మీ బాబాయి, "కూరల కొట్టు పెడుతోందా ఏమిటి?" అన్నారు. మొదటి ఏడాదే ఇంత వద్దమ్మా. నాలుగు వంగ, రెండు మిరప, ఒక సాలు బెండ, కాస్త గోంగూర, గోడవార ఒక బీరపాదు చాలు. కాలీఫ్లవర్ చలికాలం పంట, దాని మాట దీపావళి నాటికి చూద్దాం.

కొత్తిల్లు కాబట్టి ముందు నేల చూసుకో. మేస్త్రీలు సిమెంటు కలిపిన మూల ఏదో కనుక్కుని దాన్ని వదిలెయ్. మిగతా చోట జానెడు లోతు తవ్వించి, ఇటుక ముక్కలు ఏరించి, మాగిన పశువుల ఎరువు కలుపు. మాగిన ఎరువు గుప్పిట్లోకి తీసుకుంటే పొడిపొడిగా రాలాలి, పేడ వాసన రాకూడదు. పచ్చిపేడ వేశావో, చెదలనీ వేరుపురుగునీ పిలిచి పీట వేసినట్టే. రోజుకి ఆరు గంటలైనా ఎండ పడే చోటు చూడు. మృగశిర కార్తె నాటికి మడి సిద్ధమైతే తొలకరికి బెండ నేరుగా విత్తుకోవచ్చు, నెలన్నరకల్లా కాయ కోస్తావు. వంగకి, మిరపకి మాత్రం విడిగా నారు పోసుకోవాలి.

ఇక, పురుగు పడితే ఏ మందు కొట్టాలని అడిగావు. ఏ పురుగో తెలియకుండా మందేమిటే? పొద్దున్నే కాఫీ గ్లాసుతో ఓసారి పెరట్లోకి వెళ్లి ఆకులు తిప్పి చూడు. పురుగులు చాలావరకు ఆకు అడుగునే ఉంటాయి. మిరపాకు అంచులు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఒకదానికి పనిచేసే మందు రెండోదాన్ని ఏమీ చెయ్యకపోవచ్చు. బెండ కాడల మీద చీమలు బారులు తీరాయంటే పైన పేనుబంక ఉందన్నమాట, అది వదిలే తీపి కోసమే అవి ఎక్కుతాయి. గొట్టంతో నీళ్లు గట్టిగా కొడితే చాలావరకు రాలిపోతుంది.

వంగ దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. మొక్కంతా నవనవలాడుతూ ఒక్క చివురు మాత్రం వాలిపోయిందా, నీళ్లు చాలలేదనుకోకు. వాలిన చోటికి అంగుళం కిందికి తుంచి గోటితో నిలువునా చీలిస్తే లోపల లేతగులాబీ రంగు పురుగు మెదులుతుంటుంది. కొమ్మనీ కాయనీ తొలిచేది అదే. ఆ చివుర్ని చెత్తకుప్పలో పారెయ్యకు, సబ్బునీళ్లలో ముంచు. కాయలోకి చేరాక ఏ మందూ దాన్ని తాకదు. పిల్లపురుగు దూరిన కన్నం మన కంటికి ఆనదు, మనకి కనిపించే పెద్ద కన్నం అది బయటికి పోయిన దారి. అంటే మనం వంకాయ పట్టుకుని తిట్టుకునే వేళకి పురుగు కింద ఎండుటాకుల్లో గూడు కట్టుకుని ఉంటుంది. అందుకే మొదళ్ల దగ్గర ఎప్పటికప్పుడు ఊడ్చెయ్యాలి.

అక్షింతల పురుగుల్లో రెండు రకాలున్నాయి. నిగనిగలాడుతూ పేనుబంక మధ్య తిరిగేది మనకి చుట్టం, పేనుబంకే దాని తిండి. వంగాకు మీద మెరుపు లేకుండా, ఒంటినిండా చుక్కలతో కనిపించేది శత్రువు. దాని పిల్లలు పసుపురంగులో ముళ్లముళ్లుగా ఉండి, ఆకులో పచ్చదనం గీకి తిని ఈనెలు వదిలేస్తాయి. వీటిని చేత్తో ఏరడమే. తెలియక అన్నిటి మీదా మందు కొడితే ముందు పోయేది చుట్టమే.

బెండాకు ఈనెలు పసుపుపచ్చగా తేలితే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్. దానికి మందు లేదు, జాలిపడకుండా ఆ మొక్క పీకెయ్. విత్తనం కొనేటప్పుడే అర్కా అనామిక అడుగు. ఈ తెగులుని తట్టుకునే రకమని బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసింది.

అన్నీ చేశాక కూడా ఏదో ఒకటి కొట్టాలనిపిస్తే వేపగింజల కషాయం కొట్టు. యాభై గ్రాముల గింజల పొడి గుడ్డలో మూటగట్టి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి పిండు, రవ్వంత సబ్బుపొడి కలుపు. ఎండకి దాని బలం పోతుంది కాబట్టి సాయంత్రమే చల్లాలి. పురుగు అక్కడికక్కడే చావదు. తిండి మానేస్తుంది, ఎదగదు. మర్నాడు చూసి పనిచెయ్యలేదని ఎరువుల కొట్టుకి పరుగెత్తకు. అక్కడ ఎవరైనా మోనోక్రోటోఫాస్ డబ్బా చేతిలో పెడితే తిరిగిచ్చెయ్. కూరగాయల మీద దాన్ని వాడకూడదని 2005లోనే నిషేధించారు.

బీరపాదు మొదట్లో అన్నీ మగపూలే పూస్తుంది, కంగారుపడకు. వెనక చిన్న పిందెతో వచ్చేది ఆడపువ్వు. బీరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పిందెలు నిలవకుండా పసుపెక్కి రాలిపోతుంటే, ఆ వేళప్పుడు ఒక మగపువ్వు కోసి దాని పుప్పొడి ఆడపువ్వుకి అద్ది చూడు.

కోతులకి మాత్రం నా దగ్గర ఏ మందూ లేదు. విత్తనాలు వేసేముందు మీ వీధిలో పెరళ్లు ఓసారి చూసి రా. అందరూ కంద, చేమ, పసుపు వేసుకుని ఉంటే సంగతి నీకే తెలుస్తుంది. అలాగైతే బీర మాని కాకర పెట్టుకో, దాన్ని అంత తేలిగ్గా ముట్టుకోవు. రెండు రకాల గింజలూ, కాస్త గోంగూర విత్తనం మీ అమ్మ వచ్చేటప్పుడు ఇచ్చి పంపుతాను. బెండ అక్కడే కొనుక్కో.

అల్లుడిగారికి మా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ పిన్ని