‘సకమ్’కు మనమే అర్థం రాద్దాం

నిఘంటువు తెరిచి అర్థం చూసుకోవడం అందరికీ అలవాటే. ఆ అర్థం ఎలా తయారవుతుందో తెలిస్తే మాట మరింత బాగా పట్టుబడుతుంది. అందుకే ఒక ఇంగ్లిషు క్రియను తీసుకుని, నిఘంటుకారులు చేసే పని మనమే చేసి చూద్దాం. మాట ‘సకమ్’. స్పెల్లింగు చివర ‘బి’ ఉంటుంది గానీ పలకకూడదు. అర్థం ఇప్పుడే చెప్పను, అది చివర రాయాల్సింది.

మొదటి పని చీటీలు పోగుచేయడం. పోస్టుకార్డంత కాగితం తీసుకుని ఎడమవైపు పైన మాట రాయండి. దాని కింద తేదీ, ఏ పత్రిక లేదా ఏ పుస్తకం, ఎన్నో పేజీ. ఆ తర్వాత మాట కనబడిన వాక్యం మొత్తం. సగం వాక్యం ఎత్తి రాస్తే ఎందుకూ పనికిరాదు. ఎవరికి ఏమైందో వాక్యం మొదట్లో ఉంటుంది, దేనివల్ల అయిందో చివర ఉంటుంది.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిషు నిఘంటువును ఇలాంటి చీటీల మీదే కట్టారు. 1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీలో పుట్టిన ఆలోచన అది. 1879లో జేమ్స్ మరే సంపాదకుడయ్యాక మామూలు పాఠకులను సాయం అడిగారు. వాళ్లు పుస్తకాలు చదువుతూ లక్షలకొద్దీ చీటీలు రాసి పంపారు. జీతం లేకుండా, మాట మీద ప్రేమతో చేసిన ఆ పనికి చేతులెత్తి మొక్కాలి. ఒక్క లోపం మాత్రం ఉండేది. వింత మాట కనబడితే ఉత్సాహంగా రాసేవారు, రోజూ వాడే మాటను వదిలేసేవారు. ‘అబ్యూజన్’ అనే అరుదైన మాటకు 50 దాకా చీటీలు వస్తే, అందరి నోటా ఉండే ‘అబ్యూజ్’కు 5 కూడా లేవని మరే వాపోయారు. కాబట్టి మీరు కూడా పేపర్లో పదేపదే కనబడే వాక్యాన్నే ముందు రాసుకోండి. ‘హీ సకమ్డ్ టు హిజ్ ఇంజరీస్’ అన్న ప్రమాద వార్త మన దేశంలో ఇంగ్లిషు పత్రికలు చదివేవారికి కొత్తది కాదు.

పాతిక ముప్పై చీటీలు వచ్చాక బల్ల మీద పరిచి కుప్పలు పెట్టండి. మరే తన ఇంటి ఆవరణలో వేయించిన రేకుల షెడ్డులో గోడ పొడవునా చిన్న గూళ్లు చేయించి చీటీలను అందులో సర్దించారు. మనకు మూడు కుప్పలు చాలు. శత్రు సైన్యం, పై అధికారి, రాజకీయ ఒత్తిడి ముందు నిలవలేకపోయినవి ఒకటి. మిఠాయి, డబ్బు, పొగడ్త, నిద్ర లాంటివాటి ముందు మనసు జారినవి రెండోది. గాయం వల్లో జబ్బు వల్లో ప్రాణం పోయినవి మూడోది.

పుట్టుక సంగతి క్లుప్తంగా చూసుకుంటే సరిపోతుంది. లాటిన్‌లో ‘సుబ్’ అంటే కింద. ‘కుంబెరె’ అంటే పడుకోవడం. బరువు మీదపడితే దాని కింద ఒరిగిపోవడమన్నమాట. పదిహేనో శతాబ్దం చివర్లో ఇంగ్లిషులోకి వచ్చినప్పుడు మొదట ఎదుటివారిని పడగొట్టడమనే అర్థంలో వాడారు. ఆ వాడుక ఇప్పుడు లేదు.

ఇక అసలు పని. ప్రతి చీటీలోనూ వాక్యంలో కర్త ఎవరో చూసి దాని కింద గీత గీయండి. ‘ఓవర్‌పవర్’ అనే క్రియకు గెలిచినవాడు కర్త, ఓడినవాడు కర్మ. ‘సకమ్’ దీనికి తలకిందులు: ఓడినవాడే కర్త. గెలిచినది వాక్యంలో కనబడాలంటే ‘టు’ వెనక రావాలి. పత్రికల శీర్షికల్లో అదీ ఉండదు, ‘విక్టిమ్ సకమ్స్’ అని ఆపేస్తారు. ఈ క్రియకు కర్మ ఉండదు గనక ‘హీ వాజ్ సకమ్డ్’ అని రాయడం తప్పు. ‘సకమ్డ్ విత్ ఇంజరీస్’ కూడా తప్పే. తెలుగులో ‘గాయాలతో’ అంటాం గనక చేయి అటు పోతుంది, జాగ్రత్తపడాలి.

ఇప్పుడు అర్థం రాయవచ్చు. మొదటి కుప్పకు ‘తలొగ్గు’, రెండోదానికి ‘లొంగిపోవు’, మూడోదానికి ‘బలి అగు’. ఒత్తిడికి తలొగ్గారు, ప్రలోభాలకు లొంగిపోయారు, క్యాన్సర్‌కు బలయ్యారు. మూడింటిలోనూ మన ‘కు’ వాళ్ల ‘టు’ చేసే పనే చేస్తోంది. మూడింటికీ కలిపి ఒకే తెలుగు మాట పెట్టాలని పట్టుబడితే వాక్యం చెడుతుంది. ‘గాయాలకు లొంగిపోయాడు’ అని ఏ తెలుగువాడూ అనడు. పేపర్లో ‘చికిత్స పొందుతూ మృతి’ అని రాస్తారు, అదే సరైన తెలుగు. ఇంకో తేడా కూడా అర్థంలో చేర్చండి. పోలీసుల ఎదుట లొంగిపోవడం ‘సరెండర్’ అవుతుంది, అది తాను తీసుకున్న నిర్ణయం. ‘సకమ్’లో నిర్ణయం ఉండదు, తట్టుకోవాలని చూసి తట్టుకోలేకపోవడం ఉంటుంది.

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ‘ఎస్‌-యు’తో మొదలయ్యే మాటల భాగానికి సి.టి. ఆనియన్స్ సంపాదకుడు. మరే 1915లోనే కన్నుమూశారు, నిఘంటువు పూర్తయింది 1928లో. మీకు అంత కాలం పట్టదు, ఒక్క మాటే గనక రెండు ఆదివారాలు చాలు. ఏ కుప్పలోనూ ఇమడని చీటీ దొరికితే మాత్రం పారేయకండి. నాలుగో అర్థం ఉందేమో తేల్చేది ఆ చీటీయే.