ఊరి కుక్కపిల్లను డబ్లిన్‌కు తెచ్చుకోవాలంటే

కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్లలో చాలామంది మొదటి సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక ప్రశ్న ఎదుర్కొంటారు. గేటు దగ్గర చేరిన కుక్కపిల్లకు పిల్లలు రెండు రోజులు పాలు పోస్తారు. మూడో రోజు ‘మనింటికి తీసుకెళ్దాం’ అంటారు. తీసుకెళ్లవచ్చు. అయితే అది మీతో పాటు విమానం ఎక్కదు, కొన్ని నెలల తర్వాత మీ వెనక వస్తుంది. ఆ నెలలు దాన్ని ఎవరు సాకుతారో ముందు తేల్చుకోండి. అమ్మానాన్నలో, పక్కింటివాళ్లో, డబ్బు కట్టి ఉంచే బోర్డింగో, ఎవరో ఒకరు గట్టిగా ఒప్పుకున్నాకే పిల్లలకు మాటివ్వండి.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే

కుక్కల నుంచి కుక్కలకు సోకే రేబీస్ రకం అమెరికాలో లేదని 2007లో ప్రకటించారు. 2021లో అజర్‌బైజాన్ నుంచి దత్తత కోసం తెచ్చిన కుక్కల్లో ఒకదానికి రేబీస్ బయటపడింది. రేబీస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మన దేశం ఉంది. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కొత్త నిబంధనలు అమలు చేస్తోంది. ఆరు నెలలు నిండని కుక్కకు ప్రవేశమే లేదు.

వరుస తప్పకూడదు

మొదట మైక్రోచిప్, ఆ తర్వాతే రేబీస్ టీకా. చిప్‌కు ముందు వేసిన టీకా లెక్కలోకి రాదు. టీకా నాటికి కుక్కకు కనీసం 12 వారాలు ఉండాలి.

టీకా వేసిన 30 రోజులకో, ఆ తర్వాతో రక్తం తీయించి, టీకా పనిచేసిందో లేదో తేల్చే పరీక్షకు సీడీసీ ఆమోదించిన ల్యాబుకు పంపాలి. రక్తం తీసిన రోజుకూ అమెరికాలో దిగే రోజుకూ మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. అంటే ఏ ఆలస్యం లేకపోయినా దాదాపు రెండు నెలలు. ల్యాబు ఫలితం, సంతకాలు, టికెట్ కలిపితే మూడు నాలుగు నెలలు చేతిలో పెట్టుకోవడం మంచిది. ఈ పరీక్ష లేకుండా వచ్చిన కుక్కను 28 రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు. ఆ ఖర్చు మీదే.

టీకా, చిప్ వివరాల ఫారాన్ని పశువైద్యుడు నింపాక ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించాలి. ఎగుమతి పత్రాలకు కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కార్యాలయం హైదరాబాదులో ఉంది. స్క్రూవర్మ్ అనే పురుగు లేదన్న పత్రం అమెరికా వ్యవసాయ శాఖ అడుగుతుంది. ఆ తనిఖీ ప్రయాణానికి ముందు ఐదు రోజుల్లోపు జరగాలి. సీడీసీ దిగుమతి ఫారం ఆన్‌లైన్‌లో నింపి రసీదు దగ్గర ఉంచుకోండి.

దిగే ఊరు కూడా ముఖ్యమే. మన దేశంలో టీకా వేయించుకున్న కుక్క, సీడీసీ గుర్తింపు పొందిన సంరక్షణ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. మనకు దగ్గర్లో అలాంటిది లాస్ ఏంజెలెస్. అక్కడ పరీక్ష చేసి, మళ్లీ టీకా వేసి పంపుతారు. ఆ కేంద్రంలో ముందే చోటు బుక్ చేసుకోవాలి. అక్కడి నుంచి డబ్లిన్‌కు కారులో ఐదారు గంటలు. నిబంధనలు మారుతుంటాయి, టికెట్ కొనేముందు సీడీసీ పేజీ మరోసారి చదవండి.

మీకోసమా, దత్తత కోసమా?

మీరే పెంచుకుంటే పైవన్నీ చాలు. ఇక్కడ ఇంకొకరికి దత్తత ఇవ్వడానికి తెస్తే, డబ్బు తీసుకోకపోయినా, వ్యవసాయ శాఖ దిగుమతి పర్మిట్ ముందే తీసుకోవాలి. డిస్టెంపర్, పార్వో వంటి జబ్బుల టీకాలూ చూపాలి. విమానంలో వెంట తీసుకురమ్మని ఎవరైనా మీకు కుక్కను అప్పగిస్తే, పర్మిట్ ఎవరి పేరున ఉందో చూడకుండా ఒప్పుకోకండి.

దత్తత ఇల్లు కుక్క బయలుదేరకముందే ఖాయం కావాలి. ఇండియా వీధుల్లో బౌద్ధ భిక్షువుల వెంట నడిచిన ఆలోక అనే కుక్క, 2025 అక్టోబరులో టెక్సస్ నుంచి వాషింగ్టన్‌కు మొదలైన శాంతి యాత్రతో మన వీధికుక్కలను ఎంతోమంది అమెరికన్లకు దగ్గర చేసింది. ఆ ఇష్టం మంచిదే. అయినా తీసుకునేవాళ్ల ఇల్లు చూడండి, కుదరకపోతే కుక్కను మీకే తిరిగి ఇస్తామని రాయించుకోండి.

డబ్లిన్‌లో మొదటి నెలలు

అపార్ట్‌మెంట్ లీజులో పెంపుడు జంతువుల షరతు ముందే చదవండి. కౌంటీలో కుక్క లైసెన్సు తీసుకోండి. పశువైద్యుడికి కుక్క పుట్టిన చోటు చెప్పండి, పిడుదుల వల్ల వచ్చే జ్వరం, హార్ట్‌వర్మ్ పరీక్షలు అడగండి.

వీధిలో పెరిగిన కుక్క చప్పుడుకు బెదిరితే ఆగకుండా పరుగెడుతుంది. మెడ పట్టీతో పాటు ఒంటికి హార్నెస్ కూడా కట్టి, రెండు తాళ్లతో నడిపించండి. జులై 4 చుట్టూ డబ్లిన్‌లో కొన్ని రకాల టపాసులు కాల్చడానికి అనుమతి ఉంది. ఆ రాత్రులు తలుపులు వేసి ఇంట్లోనే ఉంచండి. వేసవిలో కొండ దారుల్లో ఫాక్స్‌టెయిల్ గడ్డి ముళ్లు చెవుల్లో, వేళ్ల మధ్య దిగుతాయి. ఇంటికి రాగానే వెతికి తీసేయండి. ఉల్లి, ఎండుద్రాక్ష కుక్కకు విషం. మిగిలిన ఉల్లి కూరో, పాయసమో పెట్టకండి.

ఈ ఊళ్లో ఒంటరిగా తిరిగే కుక్క కనిపిస్తే అది దాదాపు ఎవరో పెంచుకుంటున్నదే. ఇంట్లో దాచుకోకుండా గ్లీసన్ డ్రైవ్‌లోని ఈస్ట్ కౌంటీ యానిమల్ షెల్టర్‌కు తెలపండి. చిప్ చూసి యజమానిని వెతుకుతారు.

అన్నీ లెక్కవేసుకున్నాక తేవడం కుదరదనిపిస్తే, ఆ కుక్కపిల్లను వదిలేసినట్టు కాదు. 1992లో అమల అక్కినేని మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థల సాయంతో దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకాలు చేయించి అక్కడే ఒక ఇల్లు చూడవచ్చు. ఇక్కడ మీ పిల్లలకు తోడు కావాలంటే గ్లీసన్ డ్రైవ్‌లోనూ కుక్కలు ఎదురుచూస్తున్నాయి. ఏ దారి ఎంచుకున్నా, ఈ రోజు గేటు దగ్గరున్న కుక్కపిల్లకు రేపు అన్నం పెట్టేదెవరో తేల్చాకే విమానం ఎక్కండి.